ఓటీపీ కోసం తీసిన ఫోన్

గ్యాస్ బండ తెచ్చిన కుర్రాడు గుమ్మంలో నిలబడి ఓటీపీ అడుగుతాడు. ఇంటావిడ వంటింట్లోంచి వచ్చి, చార్జింగ్‌లో ఉన్న ఫోన్ తీసి, మెసేజ్ తెరిచి అంకెలు చదువుతుంది. బండ లోపలికి వస్తుంది, కుర్రాడు వెళ్లిపోతాడు. ఫోన్ మాత్రం మళ్లీ చార్జింగ్‌కి వెళ్లదు. వాట్సాప్‌లో ఆడపడుచు పెట్టిన పెళ్లి ఫొటోలు, అపార్ట్‌మెంట్ గ్రూపులో నీళ్ల ట్యాంకర్ గురించి వాదన, ఆ తర్వాత ఎవరిదో రీల్, దాని కింద మరొకటి. పొయ్యి మీద పప్పు అడుగంటిన వాసన వచ్చాకే ఆమె తల ఎత్తుతుంది. ఆమె ఫోన్ తీసింది కాలక్షేపానికి కాదు. తీయకపోతే బండ ఇవ్వరు.

ఫోన్ తగ్గించుకోమని వచ్చే సలహాల్లో చాలావాటికి ఈ చిన్న సంగతి పట్టదు. సిగరెట్ మానాలనుకున్నవాడు పెట్టె కొనడం ఆపేయగలడు. ఆ పెట్టెలోనే ఇంటి తాళం, బ్యాంకు పుస్తకం, ఆఫీసు హాజరు పట్టీ, దూరాన ఉన్న కొడుకు గొంతు కూడా పెట్టి ఇస్తే ఎలా మానతాడు? ఫోన్‌తో మన ఇబ్బంది అంతా అక్కడే ఉంది. అవసరమైనవీ లాగేసేవీ ఒకే అద్దం వెనక ఉన్నాయి. ఒకదాని కోసం తెరిస్తే రెండోది కళ్ల ముందుకు వస్తుంది.

2025 ఫిబ్రవరిలో ‘పీఎన్‌ఏఎస్ నెక్సస్’ అనే శాస్త్ర పత్రికలో ఒక ప్రయోగం వివరాలు వచ్చాయి. అందులో 467 మంది పాల్గొన్నారు. రెండు వారాలపాటు వాళ్ల ఫోన్లలో ఇంటర్నెట్ రాకుండా ఒక యాప్ అడ్డుకుంటుంది. కాల్స్ చేసుకోవచ్చు, ఎస్సెమ్మెస్‌లు పంపుకోవచ్చు, కావాలంటే కంప్యూటర్‌లో నెట్ చూసుకోవచ్చు. ఫలితాలు పరిశోధకులకే ఆశ్చర్యం కలిగించేలా వచ్చాయి. ఏకాగ్రత, మానసిక ఆరోగ్యం, జీవితం పట్ల తృప్తి అనే మూడింటిలో కనీసం ఒక్కదానిలోనైనా 91 శాతం మంది మెరుగుపడ్డారు. ఏకాగ్రత పరీక్షలో కనిపించిన మార్పు వయసు పదేళ్లు వెనక్కి వెళ్లినంత ఉందని లెక్కగట్టారు. పత్రికలన్నీ ఈ మాటే రాశాయి. అదే వ్యాసంలో ఉన్న ఇంకో అంకెను తక్కువమంది పట్టించుకున్నారు. 14 రోజుల్లో కనీసం 10 రోజులు ఆ అడ్డును తీసేయకుండా ఉంచుకోగలిగినవాళ్లు సుమారు నాలుగో వంతు మందే.

తమంతట తాము ఒప్పుకుని, మంచి జరుగుతుందని నమ్మి వచ్చినవాళ్ల సంగతి ఇది. మిగతా ముప్పావు వంతు మందిని మనోబలం లేనివాళ్లని అనేయడం తేలిక. కానీ అంతమంది ఒకేచోట జారుతున్నారంటే చూడవలసింది వాళ్ల కాళ్లను కాదు, నేలను.

ఆ నేల ఎలా తయారైందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాలను పెట్టెలో ఉంచి, అవి మీటను ముక్కుతో పొడిస్తే గింజలు పడేలా ఏర్పాటు చేశాడు. పొడిచినప్పుడల్లా గింజ పడితే పావురం ఆకలి తీరేవరకు పొడిచి ఊరుకునేది. ఎప్పుడు పడుతుందో తెలియకుండా, ఒకసారి మూడో పోటుకు, ఇంకోసారి ముప్పయ్యో పోటుకు పడేలా చేస్తే మాత్రం విసుగు లేకుండా పొడుస్తూనే ఉండేది. గింజలు పూర్తిగా ఆపేసినా చాలాసేపు వదిలేది కాదు. చార్లెస్ ఫెర్‌స్టర్‌తో కలిసి స్కిన్నర్ ఈ పరిశోధనలన్నిటినీ 1957లో పుస్తకంగా తెచ్చాడు. జూదం యంత్రాలు ఈ సూత్రం మీదే నడుస్తాయి. ఫోన్ తెరిచినప్పుడు మంచి కబురు ఉంటుందో, ఏమీ ఉండదో తెలియకపోవడమే దాన్ని మళ్లీ తెరిపిస్తుంది. ప్రతిసారీ ఏదో ఒకటి ఉంటుందని ఖాయంగా తెలిస్తే అంత తహతహ ఉండదు.

2006లో అజా రాస్కిన్ అనే ఇంజినీరు పేజీ చివరికి వచ్చేసరికి తర్వాతి పేజీ తనంతట తానే వచ్చి అతుక్కునే పద్ధతి కనిపెట్టాడు. ఆపిల్‌లో మెకింతోష్ కంప్యూటర్ పని మొదలుపెట్టిన జెఫ్ రాస్కిన్ కొడుకే ఇతను. వాడేవాళ్లకు ఒక క్లిక్ మిగులుతుందన్నదే అప్పటి ఉద్దేశం. అంతకుముందు పేజీ అయిపోయిన చోట మనిషి ఒక క్షణం ఆగేవాడు, ‘ఇక చాలు’ అనుకునే వీలుండేది. అంతులేని స్క్రోల్ ఆ క్షణాన్ని తీసేసింది. తర్వాత తాను చేసినదానికి విచారిస్తున్నానని రాస్కిన్ బహిరంగంగా చెప్పాడు. తెరను కిందికి లాగి వదిలితే కొత్త విషయాలు వచ్చే పద్ధతిని ‘ట్వీటీ’ అనే యాప్ కోసం తయారుచేసిన లారెన్ బ్రిక్టర్ కూడా అది వ్యసనంలా పట్టుకుంటుందని ఒప్పుకున్నాడు. గూగుల్‌లో పనిచేస్తున్న ట్రిస్టన్ హ్యారిస్ 2013లో, వాడుకరుల ధ్యాసను గౌరవించాలంటూ సహోద్యోగులకు ఒక ప్రజెంటేషన్ పంపాడు. దాన్ని కంపెనీలో చాలామంది చదివారు, మెచ్చుకున్నారు. పద్ధతి మాత్రం మారలేదు. ప్రకటనల మీద బతికే వ్యాపారంలో మనిషి తెర ముందు గడిపే ప్రతి నిమిషానికీ ధర ఉంటుంది. ఆ నిమిషాలను తగ్గించే ఆలోచన ఎంత మంచిదైనా లెక్కల పుస్తకంలో నష్టం కిందే పడుతుంది.

మన దేశంలో ఈ కథకు ఇంకో మలుపు ఉంది. 2016 సెప్టెంబరుకు ముందు 1 జీబీ డేటా రూ.200కు పైగా ఉండేది. సగటు వాడుకరి నెలంతా కలిపి 1 జీబీ కూడా వాడేవాడు కాదు. ఫొటో డౌన్‌లోడ్ చేయాలన్నా ఆలోచించేవాళ్లు. జియో వచ్చాక ధర కుప్పకూలింది. నోకియా ఏటా వేసే లెక్క ప్రకారం 2024లో సగటు వాడకం నెలకు 27.5 జీబీకి చేరింది. రోజుకు ఇంత అని ఇచ్చే డేటా అర్ధరాత్రి మురిగిపోతుంది కాబట్టి అయిపోగొట్టాలన్న ఆలోచన కూడా అలవాటులో కలిసింది. 2020 జూన్ 29న ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించింది. కొద్ది రోజులకే, జులైలో, ఇన్‌స్టాగ్రామ్ ఇక్కడ రీల్స్ తెచ్చింది. సెప్టెంబరులో యూట్యూబ్ తన షార్ట్స్‌ను ముందుగా భారతదేశంలోనే ప్రయోగాత్మకంగా విడుదల చేసింది. సరిగ్గా ఆ నెలలోనే, కొవిడ్‌తో బడులు మూసి ఉన్న తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ద్వారా ఆన్‌లైన్ పాఠాలు మొదలయ్యాయి. టీవీ లేని ఇళ్లలో పాఠం కోసం అప్పు చేసి ఫోన్లు కొన్నారు. బడులు తెరిచాక పుస్తకాలు సంచిలోకి తిరిగి వచ్చాయి కానీ, ఆ ఫోన్లు పిల్లల చేతుల్లోంచి తిరిగి రాలేదు.

యంత్రం పెట్టే ఒత్తిడి ఒకటైతే మనుషులు పెట్టే ఒత్తిడి ఇంకొకటి. తెలుగువాళ్ల ఫోన్‌లో కనీసం అరడజను గ్రూపులు ఉంటాయి: పుట్టింటివాళ్లది, అత్తింటివాళ్లది, పదో తరగతి బ్యాచ్‌ది, పిల్లల బడిది, కాలనీది, ఆఫీసుది. వాట్సాప్ గ్రూపులో ఒకప్పుడు 100 మందే పట్టేవారు. 2016లో 256 మందికి పెంచారు, 2022 చివరికి 1,024 అయ్యింది. పుట్టినరోజుకు శుభాకాంక్షలు చెప్పకపోతే మాట వస్తుంది. గ్రూపులోంచి బయటికి వచ్చేస్తే పెద్దనాన్న నొచ్చుకుంటారు. 2014 నవంబరులో నీలిరంగు టిక్కులు వచ్చాయి. అవతలివాళ్లు చదివారని తెలిసిపోవడంతో ‘చూసి కూడా జవాబివ్వలేదు’ అన్న కొత్త నిష్ఠూరం పుట్టింది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి వాటిని తీసేసుకోవచ్చు. అలా తీసేస్తే ‘ఏం దాస్తున్నావ్’ అని అడిగేవాళ్లు ఇంట్లోనే ఉంటారు.

విదేశాల్లో పిల్లలున్న తల్లిదండ్రుల కష్టం మరీ వేరు. న్యూజెర్సీకీ మనకీ కాలాన్నిబట్టి తొమ్మిదిన్నర లేదా పదిన్నర గంటల తేడా. అక్కడ మధ్యాహ్నం అయ్యే వేళకు ఇక్కడ పడక వేళ. గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఒక తల్లి ఫోన్‌ను దిండు పక్కన పెట్టుకుని పడుకుంటుంది. అర్ధరాత్రి మోగేది కూతురి కాలో, లోన్ ఇస్తామనే కంపెనీ మెసేజో చూస్తేగానీ తెలియదు. నిద్ర మధ్యలో ఆ తెర వెలిగిందంటే మళ్లీ కన్ను మూతపడటానికి గంట పడుతుంది. ‘ఫోన్ పడకగదిలోకి తీసుకెళ్లకండి’ అన్న సలహా ఆమెకు ఎలా నచ్చుతుంది?

ఇక కొలువుల సంగతి. మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీల్లో చాలామందికి క్లయింటు అమెరికాలో ఉంటాడు. అతని పొద్దున మన రాత్రి. కాల్ తొమ్మిదికి అయిపోయినా పదకొండుకు ఏదో పింగ్ వస్తుంది. జవాబు ఇవ్వాలని ఎవరూ రాసి పెట్టలేదు, ఇవ్వకపోతే అప్రైజల్‌లో గుర్తుంటుందని అందరికీ తెలుసు. చిన్న జీతాల ఉద్యోగులకూ ఇది తప్పలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఆగస్టులో ఉపాధ్యాయులకు ముఖం చూపించి హాజరు వేసుకునే యాప్ తెచ్చారు. సొంత ఫోన్, సొంత డేటా ఎందుకు వాడాలని సంఘాలు నిలదీశాయి. అంగన్‌వాడీ టీచర్లు పిల్లల బరువు, ఎత్తు, భోజనం వివరాలు పోషణ్ ట్రాకర్‌లో ఎక్కించాలి. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనిలో కూలీల హాజరుకు యాప్ తప్పనిసరి అయ్యింది. సిగ్నల్ లేని చెరువు గట్టు మీద కూలీల పని చూసే మేట్ ఫోన్ ఎత్తి పట్టుకుని తిరగాలి. 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘మన మిత్ర’ పేరుతో 161 సేవలను వాట్సాప్‌లోకే తెచ్చింది. ఆఫీసుల చుట్టూ తిరిగే శ్రమ తగ్గింది, అది మంచిదే. యూపీఐ లావాదేవీలు 2025 ఆగస్టులో ఒక్క నెలలోనే 2,000 కోట్లు దాటాయి, టీ కొట్టుకు చిల్లర బెడద పోయింది. కానీ ఇలా జత అయ్యే ప్రతి సౌకర్యం ఫోన్ తెరవడానికి ఇంకో కారణం అవుతుంది. పనికోసం తెరిచిన మనిషిని లోపలే నిలిపి ఉంచే ఏర్పాట్లు అక్కడ ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి.

దీనివల్ల మనసుకు ఏమవుతుంది? కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన గ్లోరియా మార్క్ రెండు దశాబ్దాలుగా మనుషులు పనిచేస్తుండగా వాళ్ల ధ్యాసను కొలిచారు. 2004లో కంప్యూటర్ తెర మీద ఒక విషయంపై సగటున రెండున్నర నిమిషాలు నిలిచిన ధ్యాస ఇటీవలి సంవత్సరాల్లో 47 సెకన్లకు పడిపోయింది. 2017లో పరిశోధకుడు ఏడ్రియన్ వార్డ్ బృందం దాదాపు 800 మందితో పరీక్షలు రాయించింది. కొందరి ఫోన్ బల్ల మీద, కొందరిది జేబులో, కొందరిది పక్క గదిలో ఉంచారు. శబ్దం రాకుండా చేసినా సరే, ఫోన్ పక్క గదిలో ఉన్నవాళ్లే మెరుగ్గా రాశారు. తర్వాత అదే ప్రయోగం చేసిన కొందరికి అంత స్పష్టమైన తేడా కనిపించలేదు, కాబట్టి దాన్ని రాతిమీది రాతగా తీసుకోనక్కర్లేదు. జేబులో ఫోన్ మోగకపోయినా మోగినట్లు అనిపించే అనుభవం మాత్రం చాలామందికి ఉంటుంది. 2012లో అమెరికాలో 290 మంది కళాశాల విద్యార్థులను అడిగితే 89 శాతం మంది ఉందన్నారు.

ఫోన్‌ను వదల్లేకపోవడాన్ని జబ్బు అనవచ్చా అన్నదానిపై వైద్యుల్లో ఏకాభిప్రాయం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన తన వ్యాధుల జాబితాలో వీడియో గేమ్‌ల వ్యసనాన్ని చేర్చింది. స్మార్ట్‌ఫోన్ వ్యసనం పేరుతో విడిగా ఏదీ చేర్చలేదు. అలాగని సాయం అక్కర్లేదని కాదు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2014లోనే దీనికోసం ‘షట్’ అనే ప్రత్యేక క్లినిక్ తెరిచింది. చదువు ఆగిపోవడం, ఫోన్ లాక్కుంటే పిల్లవాడు చేయి చేసుకోవడం, తిండీ నిద్రా తప్పిపోవడం దాకా వస్తే ఇంట్లో తిట్లతో సరిపెట్టకూడదు. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు.

అంతవరకు రాని మామూలు మనుషుల సంగతేమిటి? ఇక్కడ పరిశోధనలు చెప్పేది ఆశాజనకంగానే ఉంది, కాకపోతే అది ఒట్టు పెట్టుకుని ఒక్కసారిగా మానేయమన్న సలహా మాత్రం కాదు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 2018లో 143 మంది విద్యార్థుల మీద మెలిసా హంట్ చేసిన ప్రయోగంలో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్ ఒక్కోదాన్ని రోజుకు 10 నిమిషాలకు పరిమితం చేసుకున్నవాళ్లలో మూడు వారాలకు ఒంటరితనం, దిగులు తగ్గాయి. 2019లో వచ్చిన ఇంకో ప్రయోగం మరింత ఉపయోగపడుతుంది. నోటిఫికేషన్లు వచ్చినవి వచ్చినట్లు కాకుండా రోజుకు మూడుసార్లు గంపగుత్తగా అందేలా చేస్తే మనుషులు కుదుటపడ్డారు. అసలు రాకుండా ఆపేసినవాళ్లలో ఆందోళన పెరిగింది, ఏదో పోగొట్టుకుంటున్నామన్న బెంగ పట్టుకుంది. పూర్తిగా మూసేయడం కంటే వేళ కుదర్చడం మేలన్నమాట.

గుంటూరు తల్లికి పనికొచ్చే ఏర్పాటు కూడా ఫోన్లలో చాలాకాలంగా ఉంది, ఎవరూ ఆమెకు చెప్పలేదు అంతే. ‘డు నాట్ డిస్టర్బ్’ పెట్టి, కూతురి నంబరుకు, అల్లుడి నంబరుకు మాత్రం మినహాయింపు ఇవ్వవచ్చు. ఆండ్రాయిడ్‌లో ఒకే నంబరు నుంచి 15 నిమిషాల్లో రెండోసారి కాల్ వస్తే మోగేలా కూడా పెట్టుకోవచ్చు. మిగతా లోకం తెల్లారేదాకా ఆగుతుంది. అలారం కోసమే ఫోన్ పక్కన పెట్టుకునేవాళ్లు పాతకాలపు గడియారం కొనుక్కుంటే పొద్దున లేవగానే చేతికొచ్చేది ఫోన్ కాకుండా పోతుంది. తెరను నలుపు తెలుపుల్లోకి మార్చినా కొంత ఆకర్షణ తగ్గుతుంది. బ్యాంకు ఓటీపీలు వచ్చే సిమ్‌ను డబ్బా ఫోన్‌లో వేసుకునేవాళ్లూ ఉన్నారు. 2022 మార్చిలో వచ్చిన యూపీఐ 123పే వల్ల ఆ బటన్ల ఫోన్‌తోనూ డబ్బు పంపవచ్చు. అవసరాన్నీ ఆకర్షణనూ రెండు వేర్వేరు వస్తువుల్లోకి విడదీయడం ఇందులో కిటుకు. ఇది అందరికీ కుదరదు, అంగన్‌వాడీ టీచరుకు అసలే కుదరదు. కుదిరేవాళ్లకు మాత్రం ఏ యాప్ టైమర్ కన్నా ఇదే నమ్మదగింది. టైమర్ చూపించే హెచ్చరికను ఒక్క వేలితో తోసేయవచ్చు.

ఇవన్నీ చేసినా ఒకటి మిగిలిపోతుంది: మిగతావాళ్లంతా ఫోన్‌లో ఉన్నప్పుడు ఒక్కరు బయట ఉండటం. అందుకే కలిసి ఆపినచోట ఏమైందో చూడటం అవసరం.

మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలో మూడు వేల జనాభా ఉన్న మోహిత్యాంచే వడగావ్‌లో 2022 ఆగస్టులో గ్రామసభ ఒక నిర్ణయం తీసుకుంది. సాయంత్రం ఏడింటికి గుడి మీది సైరన్ మోగుతుంది. ఎనిమిదిన్నర వరకు ఊరంతా ఫోన్లు, టీవీలు ఆపేయాలి. పిల్లలు చదువుకోవాలి, పెద్దలు మాట్లాడుకోవాలి. లాక్‌డౌన్ తర్వాత బడికి తిరిగొచ్చిన పిల్లలకు ఫోన్ తప్ప ఇంకేదీ పట్టడం లేదని గమనించి సర్పంచ్ విజయ్ మోహితే ఈ ప్రతిపాదన తెచ్చారు. మగవాళ్లు మొదట నవ్వేశారు. అప్పుడు ఆడవాళ్లను సమావేశపరిస్తే, సీరియళ్లు ఎక్కువ చూస్తున్నామని వాళ్లే ఒప్పుకుని సరేనన్నారు. ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలు, రిటైరైన ఉపాధ్యాయులు ఇల్లిల్లూ తిరిగి నచ్చజెప్పారు. ఆ గంటన్నరలో ఎవరూ ఎవరికీ మెసేజ్ పెట్టరు కాబట్టి ఎవరికీ ఏదీ తప్పిపోదు. ఒంటరిగా ఆపినవాడిని వేధించే బెంగకు అక్కడ చోటే లేదు.

ఆఫీసుల్లోనూ ఇలాంటిదే జరిగింది. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కు చెందిన లెస్లీ పెర్లో బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్‌లో ఒక బృందాన్ని ఒప్పించి, ప్రతి ఒక్కరికీ వారంలో ఒక రాత్రి పూర్తిగా పని నుంచి విడుపు ఇప్పించారు. ఆ రాత్రి ఫోన్ చూడకూడదు, మెయిల్ తీయకూడదు. మొదట ఉద్యోగులే భయపడ్డారు. ఎవరి రాత్రి ఏదో ముందే తెలిసి ఉండటంతో మిగతావాళ్లు ఆ పనిని పంచుకోవడం నేర్చుకున్నారు, పని నాణ్యతా పెరిగింది. తర్వాత కంపెనీలోని వందలాది బృందాలు దాన్ని అనుసరించాయి. పెర్లో 2012లో దీని మీద పుస్తకం రాశారు.

కొన్ని దేశాలు దీన్ని చట్టంలోకి తెచ్చాయి. పని వేళ దాటాక ఫోన్, మెయిల్ చూడకుండా ఉండే హక్కు ఫ్రాన్స్‌లో 2017 జనవరి 1 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు 26 నుంచి అమల్లో ఉంది. మన లోక్‌సభలో సుప్రియా సూలే 2018లోనూ, మళ్లీ 2025 డిసెంబరులోనూ ఇలాంటి బిల్లు ప్రవేశపెట్టారు. అది ప్రైవేటు సభ్యుల బిల్లు. అలాంటి బిల్లు ఉభయ సభల్లో నెగ్గి చట్టమైన చివరి సందర్భం 1970 నాటిది. అంటే పార్లమెంటు కోసం చూస్తూ కూర్చుంటే చాలాకాలం కూర్చోవాలి. హైదరాబాద్‌లో పది మందిని నడిపే ఒక టీమ్ లీడ్‌కు అంతకాలం ఆగాల్సిన అవసరం లేదు. రాత్రి పదయ్యాక వచ్చే మెసేజ్‌లకు పొద్దున జవాబిస్తే చాలని, నిజంగా సర్వర్ పడిపోతే కాల్ చేస్తామని, ఆ వారం ఆ కాల్ ఎత్తే బాధ్యత ఫలానావారిదని సోమవారం మీటింగ్‌లో చెప్పగలడు. దానికి ఐదు నిమిషాలు పడుతుంది, మిగిలిన తొమ్మిది మంది ఆ వారమంతా ఫోన్ హాల్లో వదిలి పడుకోవచ్చు.